రెండో దెబ్బ

తగరపువలస,
16 జూన్ 2024.

అత్తా,

ఎలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు. ఈ ఉత్తరం నీకు ఎవరు చదివి పెడతారో తెలియదు. ఎవరైనా సరే, వాళ్ళకి దండం పెట్టి అడుగుతున్నాను. మెల్లగా చదవండి, ఒక్క మాట కూడా వదలకండి.

కుడిచేతి వేళ్ళకి కట్టు విప్పి పది రోజులైంది. చూపుడువేలు ముడుచుకోదు, మధ్యవేలు తిన్నగా రాదు. పెన్నుని ఉంగరంవేలి సందున పెట్టుకుని రాస్తున్నాను. నర్సింగ్ కాలేజీ హాస్టల్‌కి తిరిగి వచ్చేశాను. ప్రిన్సిపల్ మేడం రానిచ్చారు. మొదటి సంవత్సరం పరీక్ష పోయింది కదా, సప్లిమెంటరీలో రాసుకోమన్నారు.

నీకు ప్రభుత్వం తరపున ఇచ్చిన లాయరు దేవీప్రసాద్ గారిని కలిశాను. నువ్వు ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేదట. "ఆ రోజు నీకేం గుర్తుందో మీ అత్తకి రాయమ్మా. వింటే ఆవిడ నోరు తెరవొచ్చు" అన్నారు. అందుకని రాస్తున్నాను. పోలీసులకు చెప్పింది కూడా ఇదే.

ఏప్రిల్ పదో తారీకు. పరీక్షల సెలవులకి జాలరిపేట వచ్చి మూడు రోజులైంది. నువ్వు చేపల గంప ఎత్తుకుని పొద్దున్నే వెళ్ళిపోయావు. పదకొండు గంటలకి గణేష్ బావ వచ్చి తలుపు గడియ పెట్టాడు. తాగి లేడు. అది గుర్తుపెట్టుకో అత్తా, తాగి లేడు.

"మన పెళ్ళికి ముహూర్తం పెట్టించినాను. సదువు సాల్లే" అన్నాడు.

నేను పెళ్ళి చేసుకోనన్నాను. చదువు అయ్యాక కూడా చేసుకోనన్నాను. కొత్తగా అన్న మాట కాదది. అయినా మొదటిసారి విన్నట్టు చూశాడు. నా అనాటమీ పుస్తకం తీసి పొయ్యిలో పడేశాడు. నోట్సు పడేశాడు. నేను అడ్డం వెళ్తే జుట్టు పట్టి గోడకి కొట్టాడు. కళ్ళు తిరిగి కూలబడ్డాను. అప్పుడు నా కుడిచెయ్యి గడప మీద పెట్టి, మోకాలితో తొక్కిపట్టి, పచ్చడి రోలు పొత్రం ఎత్తాడు.

"రాసే సెయ్యుంటే కదా సదువుతావు" అన్నాడు.

ఒకటి. రెండు. వేళ్ళు విరిగిన చప్పుడు నాకే వినబడింది. మూడోసారి పొత్రం తల మీదికి ఎత్తాడు. పెరటి తలుపు తోసుకుని నువ్వొచ్చావు. నీ చేతిలో చేపలు కోసే కత్తి ఉంది. అతని మణికట్టు మీద పడింది. పొత్రం నా తల పక్కన పడి ముక్కలైంది, ఓ ముక్క వచ్చి కణతకి తగిలింది. ఆ తరవాత నాకేమీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. అతని చెయ్యి తీసేశారని, నిన్ను తీసుకుపోయారని అక్కడే చెప్పారు.

పేటలో జామీను ఇచ్చేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. కొడుకుని నరికినదానికి మేం సంతకం పెట్టం అంటున్నారు. నన్ను చూస్తే తలుపులేసుకుంటున్నారు.

నాన్న గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదికి వెళ్ళి తిరిగి రానప్పటి నుంచి నన్ను పెంచింది నువ్వే. నా మూలంగా నువ్వక్కడున్నావు. లాయరు గారితో మాట్లాడు అత్తా. ఒక్క దెబ్బే కొట్టానని, నన్ను కాపాడడానికే కొట్టానని చెప్పు.

నీ మేనకోడలు
సుధారాణి


మహిళా బ్యారక్,
2 జూలై 2024.

చి. సుధారాణికి,

మీ మేనత్త గంగాలమ్మ ఆశీర్వదించి రాయించునది. ఇక్కడ నేను క్షేమం. అన్నం బాగానే పెడుతున్నారు. ఆరోగ్యానికి లోటు లేదు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. లాయరు గారితో మాట్లాడతాను. నీవు శ్రద్ధగా చదువుకొనవలెను. వేళ్ళకు వేడి నీళ్ళ కాపడం పెట్టుకొనవలెను. మీ బావ సంగతి ఏమైనా తెలిస్తే రాయవలెను. అదే నా కోరిక.

నేను ఈ ఉత్తరం రాస్తున్నదాన్నమ్మా. నా పేరు హరిచందన. బయట ఉన్నప్పుడు టీచరుగా చేశాను. నా కేసు సంగతి వేరు, అది నీకెందుకు. పైన మొదట "చి.ల.సౌ." అని రాశాను. దానికి అర్థమేమిటని మీ అత్త అడిగింది. సౌభాగ్యం గురించి అని చెప్పగానే, "దాన్ని కొట్టెయ్యి. ఆ సౌభాగ్యానికే గదా ఇదంతా" అంది. ఇక్కడికొచ్చాక ఆవిడ అన్న మొదటి పొడుగు మాట అదే.

ఇట్లు
గంగాలమ్మ (వేలిముద్ర)


తగరపువలస,
25 ఆగస్టు 2024.

అత్తా,

నువ్వు క్షేమంగా ఉన్నావని చదివి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. హరిచందన మేడం గారికి నా నమస్కారాలు.

సప్లిమెంటరీ రాశాను. రాయడానికి అరగంట ఎక్కువ ఇచ్చారు. ఆశాజ్యోతి అని నా రూమ్మేట్ ఉంది, కంచరపాలెం అమ్మాయి. పరీక్ష ముందు రోజు సాయంత్రం దాకా నాకు చదివి వినిపించింది. పుస్తకాలు కాలిపోయాయి కదా, దాని పుస్తకమే ఇద్దరం చదివాం.

ఈ మధ్య రెండు వారాలు కాలేజీకి వెళ్ళలేదు. జ్వరం. ఇప్పుడు తగ్గింది. కంగారు పడకు.

బావ సంగతి రాయమన్నావు. నాకేమీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. అతని సంగతి నువ్వెందుకు అడిగావో నాకర్థం కాలేదు. నా వేళ్ళ తరవాతి వాక్యంలోనే అతన్ని అడిగావు.

సుధ


మహిళా బ్యారక్,
20 సెప్టెంబరు 2024.

సుధారాణికి,

ఈసారి ఆవిడ ఎలా అంటే అలాగే రాయమని నా పక్కనే కూర్చుంది. నేను మెత్తగా మారిస్తే పట్టేస్తోంది. కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. హరిచందన.

"ఒలే సుధా. నాతోపాటు సేపలమ్మే నూకాలు ములాకాత్‌కి వొచ్చింది. దాని కళ్ళతో సూసిందంట. నువ్వు కాలేజీ ఎగ్గొట్టి పెద్దాసుపత్రిలో మీ బావ మంచం కాడ కూకున్నావంట. ఆడి తలెత్తి నీళ్ళు పడతన్నావంట. జొరమని నాకు రాసినావు. జొరమేటే అది? సిగ్గునేదేటి?

నా కడుపున పుట్టినోడి సెయ్యి నానే నరికినాను. ఆడి నెత్తురు నా మొకమ్మీద పడింది. నోట్లోకి పోనాది. ఆ రుసి ఇంకా పోనేదు నాకు. ఎందుకు నరికినాననుకున్నావు? నువ్వెల్లి ఆడికే సాకిరీ సేత్తావనా? ఆడికే తాళి కట్టించుకుంటావనా? అంత పేమ ఉంటే ఆ రోజే ఒప్పుకోపోనావా, మీ ఇద్దరి సేతులూ మిగిలీవి.

సదువు మానీసినావని తెలిస్తే, నాను బయటికొచ్చినాక రెండో సెయ్యి నీది. ఇంక నాకు రాయకు."

అమ్మా, ఇంతకన్నా ఎక్కువే అంది. అన్నీ రాయడానికి నా చెయ్యి రాలేదు.

గంగాలమ్మ (వేలిముద్ర)


తగరపువలస,
29 సెప్టెంబరు 2024.

అత్తా,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. నువ్వు చింపేసినా హరిచందన మేడం చదువుతారు.

జ్వరమన్నది అబద్ధమే. నీ దగ్గర దాచాను. ఆగస్టు మొదటి వారంలో తగరపువలస బస్టాండులో నాగవంశీ ఎదురొచ్చాడు. బావతో పాటు బోటు మీదికి వెళ్తాడే, అతనే. "కోర్టులో నీకేటీ గుర్తులేదని సెప్పు" అన్నాడు. చెప్పనన్నాను. జేబులోంచి బ్లేడు తీసి ఎడమ మోచేతి నుంచి మణికట్టు దాకా గీసేశాడు. చీర మడత విప్పినట్టు తెరుచుకుంది చర్మం. ఆశాజ్యోతి స్టీలు క్యారేజీతో అతని మొహం మీద కొట్టింది, పన్ను రాలేలా. జనం చూస్తూ నిలబడ్డారు. పదహారు కుట్లు పడ్డాయి. పోలీసు కంప్లయింట్ ఇచ్చాం. అతను దొరకలేదు. ఇది రాస్తే జైల్లో నువ్వేం చేసుకుంటావోనని జ్వరమన్నాను.

కాలేజీ నేను ఎగ్గొట్టలేదు. పెద్దాసుపత్రికి వెళ్ళింది కాలేజీ పంపితేనే. రెండో సంవత్సరం వాళ్ళకి వార్డు డ్యూటీలుంటాయి. నాకు మగవాళ్ళ సర్జికల్ వార్డు పడింది. మొదటి రోజు పన్నెండో నంబరు మంచం దుప్పటి మార్చమన్నారు. వెళ్తే అతను. చెయ్యి తీసేసిన చోట చీము పట్టి ఎముక దాకా వెళ్ళిందట, మళ్ళీ కోసి కుట్టారు.

వార్డు మార్పించుకోవచ్చు. సిస్టర్‌తో నిజం చెబితే ఆవిడే మార్చేది. నేను అడగలేదు. ఎందుకు అడగలేదో నాకే సరిగ్గా తెలియదు. బహుశా అతను నన్ను యూనిఫాంలో చూడాలనుకున్నానేమో.

చూశాడు. మొహం మీద ఉమ్మాడు. తుడుచుకుని కట్టు విప్పాను. వంగినప్పుడు ఎడమ చేత్తో నా గొంతు పట్టుకున్నాడు. ఒక్క చేతికి అంత బలం ఉంటుందని తెలియదు. కళ్ళ ముందు నల్లబడుతుంటే కుట్లున్న చోట నా వంకర వేళ్ళతోనే నొక్కాను. అరిచి వదిలేశాడు. వార్డు బాయ్‌లు వచ్చి మంచానికి కట్టారు. మర్నాడు మళ్ళీ నేనే వెళ్ళి కట్టు కట్టాను, నీళ్ళు పట్టాను. నూకాలు చూసింది ఆ రోజే. అది సేవా కాదు, ప్రేమా కాదు. ఆ మంచం నా డ్యూటీ.

కట్టేసి ఉన్నాడు కాబట్టి ఇంక మాటలే మిగిలాయి అతనికి. ఏమన్నాడో విను.

"నీకు తెల్దా? నువ్వొచ్చిన ఏడే మాయమ్మ నా బడి మానిపించింది. హెడ్మాస్టరు ఇంటికొచ్చి బతిమాలినాడు. ఈడు లెక్కలు బాగా సేత్తాడమ్మా, ఆపకండి అన్నాడు. నాను తలుపెనకాల నించుని ఇన్నాను. మాయమ్మ ఏటందో తెల్సా? ఇద్దర్నీ సదివించలేను బాబూ, తల్లినేని గుంట, అది సదవనీ. ఈడు మగోడు, బోటెక్కుతాడు అంది. ఆ మర్నాడే ఎక్కించీసింది. పన్నెండేళ్ళు నాకు. వాంతులతో పడున్నాను బోట్లో. నువ్వు నా సంచీ ఏసుకుని నా బడికెల్లినావు."

ఆ ఖాకీ రంగు సంచీ నాకు గుర్తుంది అత్తా. అది అతనిదని నాకెవరూ చెప్పలేదు. నిజమేనా ఇది?

ఇంకొకటి అడగాలి. ఇన్ని రోజులు ఇదే నన్ను తినేస్తోంది. డ్యూటీలో అతని కేసు షీటు చదివాను. గాయాలు రెండని ఉంది. ఒకటి కుడి మణికట్టు. రెండోది వీపు మీద, ఎడమ భుజం ఎముకకి కింద, ఎనిమిది అంగుళాల పొడవు. వెనక నుంచి తగిలినది. బట్ట మారుస్తుంటే కళ్ళారా చూశాను. ఒక్క దెబ్బేనని పోలీసులకు చెప్పాను నేను. నేను చూసింది ఒకటే మరి.

రెండోది ఎవరు కొట్టారు?

సుధ


మహిళా బ్యారక్,
24 నవంబరు 2024.

సుధారాణికి,

ఇది నేను నా అంతట నేను రాస్తున్నాను. మీ అత్త జవాబు ఇవ్వలేదని నువ్వు బాధపడుతుంటావు.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మొదటి ఉత్తరంలో ఆవిడ క్షేమం అని రాశాను. అలా రాయమని ఆవిడ చెప్పలేదు. ఆ రోజుల్లో ఆవిడ అన్నం ముట్టేది కాదు. తల గోడకేసి కొట్టుకుంటుంటే ఇద్దరు వార్డర్లు పట్టుకోవాల్సి వచ్చేది. కొడుకు బతికాడా అని మాత్రం అడిగేది. ఆసుపత్రి నుంచి కబురు తెలిసే దారి లేక నిన్ను అడిగింది. నేను దాన్ని నాజూకుగా రాసి, నీకు ఇంకోలా వినిపించేలా చేశాను.

గాయాల గురించి నువ్వడిగింది చదివి వినిపించాను. జవాబు నేను రాయనా అంటే, "నువ్వు వొద్దు. నానే రాత్తాను" అంది. మర్నాటి నుంచి ఇక్కడి అక్షరాల క్లాసులో కూర్చుంటోంది. వేలు నొప్పి పుట్టేదాకా నేల మీద అ ఆలు దిద్దుతోంది.

పోయిన నెల క్లాసులో పోతమ్మ అనే ఖైదీతో గొడవైంది. "కొడుకుని నరికిందానికి సదువు గావాలంట" అని ఆమె పలక లాగేసుకుంది. మీ అత్త వదల్లేదు. పోతమ్మ పలక చెక్కతో నుదుటి మీద కొట్టింది. నెత్తురు కళ్ళల్లోకి కారుతున్నా మీ అత్త ఆమెను కింద పడేసి మీదెక్కి కూర్చుంది. పిడికిలి ఎత్తింది. ఎత్తిన పిడికిలి అలాగే ఆపేసి, లేచి పక్కకి వెళ్ళి నిలబడింది. ఆ లోపు వార్డర్లు వచ్చేశారు. తొమ్మిది కుట్లు. డాక్టరమ్మ కుడుతుంటే "గ" కీ "ఘ" కీ తేడా ఏమిటని నన్నడిగింది.

ఆవిడ ఉత్తరం ఆలస్యమవుతుంది. కాచుకో.

హరిచందన


9 ఫిబ్రవరి 2025.

సుదా,

ఇది నా సేత్తో రాసినాను. నాలుగు దినాలు పట్టింది. హరిసందనమ్మ తప్పులు దిద్దుతానంది. వొద్దన్నాను. ఒత్తులు నువ్వే పెట్టుకో. ఇక్కడ సదివే పంపుతారు. సదవనీ.

నువ్వు రెండు అడిగినావు.

బడి మాట నిజిం. మాస్టారొచ్చినాడు. నానలాగే అన్నాను. మీ నాన్న మరి రాడని తెలిసిన ఏడు అది. మీ మావ తాగుడుకి పడిపోనాడు. ఇంట్ల ఒకడైనా బోటెక్కకపోతే తిండి నేదు. నువ్వు సిన్నదానివి, బోటుకి పనికిరావు. ఆడు పనికొచ్చినాడు. అంతే. ఆడు ఏడిసినాడు. మూడు దినాలు ఏడిసినాడు. తరవాత ఏడవనేదు. మరెప్పుడూ ఏడవనేదు. నాకు అప్పుడే బయం ఎయ్యాల. ఎయ్యనేదు. మంచోడు అయిపోనాడు అనుకున్నాను.

రెండో దెబ్బ నాదే.

నువ్వు పడిపోనావు. ఊపిరి ఉంది, సూసినాను. ఆడి సెయ్యి తోలు మీద యేలాడతంది. అమ్మా అని అరిసి ఈది తలుపు కాడికి పరుగెట్టినాడు. గడియ ఆడే పెట్టినాడు గదా, ఒక్క సేత్తో రానేదు. ఈపు నా ఏపు ఉంది. ఆడి సేతిలో ఏటీ నేదు. ఇంక కొట్టక్కర్నేదు. అది నాకు తెల్సు. తెల్సే కొట్టినాను.

నీకు సెప్పనివి ఉన్నాయి. పదారో ఏట కాడ్నించి ఆడు నన్ను కొడతన్నాడు. తెడ్డుతో కొట్టినాడు. కడుపులో తన్నినాడు. నా పన్ను మెట్ల మీద పడి ఊడనేదు. నువ్వు సెలవులకొచ్చినప్పుడు కొట్టీవోడు కాదు. అందుకే నీకు తెల్దు. నిన్ను హాస్టల్ల ఏసింది సదువుకే కాదు. నువ్వు సూడకుండా ఉండాలని.

ఆ దినం ఆడి ఈపు కనబడగానే తొమ్మిదేళ్ళూ సేతిలోకొచ్చినాయి. మొదటి దెబ్బ నీది. రెండోది నాది.

కోర్టుల దొరగారి కాడ ఇదే సెప్తాను. లాయరుబాబు వొద్దంటాడు. నాను సెప్తాను.

గంగాలమ్మ

సూడు, సంతకం.


తగరపువలస,
20 ఫిబ్రవరి 2025.

అత్తా,

నీ అక్షరాలు చూసి ఏడ్చాను, అందులో ఉన్నది చదివి మళ్ళీ ఏడ్చాను. నీ పన్ను ఊడిన రోజు నేను ఫోనులో నవ్వాను. "కళ్ళు నెత్తికెక్కాయా అత్తా" అన్నాను.

కానీ కోర్టులో చెప్పొద్దు. దేవీప్రసాద్ గారితో మాట్లాడాను. పెనుగులాటలో రెండోసారి తగిలిందంటే చాలట, వదిలేస్తారట. వీపు తిప్పి పారిపోతుంటే కొట్టానని నువ్వే చెబితే ఏళ్ళు పడతాయట. అతను పొత్రం మూడోసారి ఎత్తాడు. నేను చచ్చిపోయేదాన్ని. ఆ రెండో దెబ్బ కూడా నాదే అనుకో. నా లెక్కలో వేసెయ్. నాకు నువ్వు బయట కావాలి. నిజం కాదు, నువ్వు కావాలి.

చదువుకున్నదాన్ని నేను చెబుతున్నాను. ఈ ఒక్కసారికి విను.

సుధ


విశాఖపట్నం,
3 ఆగస్టు 2025.

అత్తా,

వినలేదు నువ్వు.

కోర్టు హాల్లో జరిగింది నీకు తెలుసు. నిన్ను వ్యానెక్కించాక జరిగింది నీకు తెలియదు. దేవీప్రసాద్ గారి ఆఫీసులో కూర్చుని అదే రాస్తున్నాను.

తాను నిద్రపోతుంటే నువ్వొచ్చి నరికావని గణేష్ బావ సాక్ష్యం చెప్పినప్పుడు నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. నువ్వు లేచి రెండు దెబ్బలూ చెప్పినప్పుడు అతని వైపు చూశాను. తన అబద్ధం పగిలిపోయినందుకు కోపం వస్తుందనుకున్నాను. అతను తలెత్తలేదు. "పారిపోతన్నాడు బాబూ. అమ్మా అని అరిసినాడు. అయినా కొట్టినాను" అని నువ్వన్నప్పుడు ఎడమ చెయ్యి ఎత్తి చెవి మూసుకున్నాడు. రెండో చెవి మూసుకోవడానికి చెయ్యి లేదు.

మొదటి దెబ్బ తప్పు కాదన్నారు, రెండో దానికి మూడేళ్ళన్నారు. ఇప్పటికే లోపల ఉన్న పదహారు నెలలూ అందులో పోతాయని దేవీప్రసాద్ గారు చెప్పారు.

నీ వ్యాను గేటు దాటగానే నాగవంశీ ఈల వేశాడు. నా చెయ్యి కోసిన కేసులో బెయిలు మీద ఉన్నాడు, సిగ్గు లేకుండా వచ్చాడు. "పడిందిరా బావా శిక్ష! పార్టీ ఎక్కడ?" అన్నాడు. గణేష్ బావ అతని మొహం మీద గుద్దాడు. కింద పడ్డాక మీద కూర్చుని గుద్దాడు. ముక్కు పచ్చడైంది. "మాయమ్మరా! మాయమ్మ!" అని అరుస్తూ గుద్దాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు లాగితే గాని రాలేదు.

అప్పుడు నన్ను చూశాడు. "నీయల్లే ఇదంతా" అంటూ వాళ్ళని విదిలించుకుని వచ్చి నా జడ చుట్టి లాగాడు. ఈసారి నేను పడలేదు. మోచేత్తో గొంతు మీద కొట్టాను. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కానిస్టేబుల్ వచ్చి అతని ఎడమ చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాడు. ఇంక అతను ఏమీ చేయలేడు. అది నాకు తెలుసు.

తెలిసే, మొహం మీద తన్నాను అత్తా. బూటు కాలితో. పెదవి చీలి నెత్తురు నా తెల్ల సాక్స్ మీద పడింది. ఇంకోటి తన్నేదాన్ని, ఆశాజ్యోతి లాక్కుపోయింది.

శరీరంలో ఏ నరం ఎక్కడుందో చదువుకున్నదాన్ని. గాయానికి కట్టు కట్టడం నేర్చుకున్నదాన్ని. ఆ క్షణంలో నాకెంత హాయిగా ఉందో చెబితే నువ్వు తప్ప ఎవరూ నమ్మరు. తరవాత బాత్రూంలో సాక్స్ మీది నెత్తురు కడుక్కున్నాను. అప్పుడు అర్థమైంది, నీ దెబ్బని నా లెక్కలో వెయ్యమని నేనెంత తేలిగ్గా రాశానో. ఎవరిది వాళ్ళదే.

కానిస్టేబుల్‌కి నా తన్ను సంగతి నేనే చెప్పాను. రాసుకున్నాడు. కేసవుతుందో లేదో తెలియదు. చెప్పకుండా ఉండలేకపోయాను. నీ దగ్గర నేర్చుకున్నదే.

మూడో సంవత్సరం మొదలైంది. వెళ్తున్నాను. మానను.

నీ
సుధ


14 సెప్టెంబరు 2025.

సుధా,

చూడు, ఇప్పుడు నీ పేరుకి ఒత్తు పెట్టడం వచ్చింది.

నువ్వు తన్నినందుకు నాను మెచ్చుకోను, తిట్టను. పోలీసుకి సెప్పినావు, అది సాలు. మళ్ళీ తన్నకు. నానూ పోతమ్మని కొట్టబోయి ఆపుకున్నాను. అలవాటవుద్ది, మెల్లగా.

మీ బావ ములాకాత్‌కి వచ్చినాడు. రెండుసార్లు.

మొదటిసారి ఇనప జాలీకి అటుపక్క నించున్నాడు, ఇటుపక్క నాను. టైమైపోనాది. ఎల్లిపోయినప్పుడు "ఈపు మీద దెబ్బ మర్సిపోను" అన్నాడు. "మర్సిపోకు. నానూ మర్సిపోను" అన్నాను.

రెండోసారి నిన్న. నానే ముందు మాట్లాడినాను. రాసి కంఠతా పట్టినాను, నేపోతే నోరు రాదని.

"ఒరే గణేసూ. సెయ్యి తీసినందుకు నాను ఏడుస్తాను గాని తప్పనను. ఈపు మీద కొట్టినందుకు కోర్టు శిక్ష ఏసింది, అనుభవిస్తన్నాను. దేనికీ శిక్ష పడనిది ఒకటుంది. మాస్టారొచ్చినప్పుడు నువ్వు తలుపెనకాల ఉన్నావని నాకు తెల్సు. నీ కాళ్ళు కనబడినాయి. తెల్సే అలాగన్నాను, నువ్వు ఇని ఆశ ఒదులుకుంటావని. ఇద్దర్నీ సదివించే దారి ఎతకనేదు నాను. ఎవర్నీ అడగనేదు. నీ కాడ్నించి లాగి దానికి పెట్టినాను. అది తప్పు. నువ్వు దాని వేళ్ళు సితక్కొట్టింది నీ పాపమే, దాన్ని నామీద ఎయ్యకు. గాని ఆ తప్పు నాది."

ఆడు ఇన్నాడు. తరవాత జాలీని గుద్దినాడు. ఉన్న సేత్తో గుద్దినాడు, నేని సేత్తోనూ గుద్దినాడు. మోడు పగిలి నెత్తురు జాలీలోంచి నా రవికె మీద సిందింది. వార్డర్లు పట్టుకున్నారు. ఈడ్సుకుపోతంటే ఎనక్కి తిరిగి సంటిపిల్లోడిలాగ ఏడుస్తా అరిసినాడు.

"ఇప్పుడా అమ్మా సెప్తావు? ఇప్పుడా?"

పదమూడేళ్ళయింది ఆడి ఏడుపు ఇని. వార్డరమ్మ నెత్తురు తుడుసుకోమని గుడ్డ ఇచ్చింది. తుడుసుకోనేదు.

రాత్రంతా కూకుని ఆలోసించినాను, ఆ మాటకి ఏటి సెప్పాలని. నాకు వచ్చిన అక్షరాలన్నీ ఏసి సూసినాను. జవాబు కుదరనేదు. నువ్వు నాకంటే శానా సదువుకున్నావు. నీ పుస్తకాల్లో ఉంటే రాయి. నేపోతే నేదని రాయి.

అత్త
గంగాలమ్మ